అమ్మ ఆల్బమ్: ఫోన్‌తో కొన్ని, కెమెరాతో కొన్ని

1వ రోజు, బుధవారం

అమ్మ ఈ పొద్దున కదిరి నుంచి వచ్చింది. కార్తీకమంతా బెంగళూరులో మా ఇంట్లోనే ఉంటుంది. సంచి కింద పెట్టీ పెట్టకముందే అడిగింది: "పోయిన తడవ తీసిన ఫోటోలన్నీ యాడబోయినాయి? ఒక్కటన్నా నా చేతికియ్యకపోతివి." నిజమే. నా ఫోన్లో మూడేళ్లలో తీసినవి 11 వేల పైచిలుకు ఉన్నాయి. కదిరిలో అమ్మ ఇంటి గోడ మీద ఉన్నవి రెండే: నాన్నది ఒకటి, నా పెళ్లిది ఒకటి.

అందుకే ఈ డైరీ మొదలుపెడుతున్నాను. అమ్మ ఊరికి వెళ్లేలోపు 40 ఫోటోల ఆల్బమ్ తయారుచేసి ఆమె చేతిలో పెట్టాలి. అందులో పెళ్లిళ్లూ టూర్లూ ఉండవు. మా వంటిల్లు, బాల్కనీ, బసవనగుడి వీధులు, అంతే.

దీనితోపాటే తేల్చుకోవలసింది ఇంకొకటుంది. బీరువాలో పడి ఉన్న కెమెరాను ఉంచుకోవాలా, అమ్మేయాలా? "చేతిలో ఫోన్ ఉండగా అదెందుకు?" అని మా ఆయన ఏడాదిగా అడుగుతున్నారు. నా దగ్గర సరైన జవాబు లేదు. కాబట్టి వీలైనంతవరకు ప్రతి దృశ్యాన్నీ రెండింటితో తీస్తాను. తర్వాత ప్రింట్లు వేయించి, ఏది దేనితో తీసిందో చెప్పకుండా అమ్మ ముందు పెడతాను.

సామాను రాసి పెట్టుకుంటున్నా. ఫోన్ మూడేళ్ల నాటిది, మధ్యరకం ధరది, మెయిన్ కెమెరా 50 మెగాపిక్సెళ్లు. కెమెరా నికాన్ డీ5300, 2013లో వచ్చిన మోడల్, 24 మెగాపిక్సెళ్లు. దానికి ఒకే ఒక్క లెన్సు: ఫోకల్ లెంగ్తు 35 మిల్లీమీటర్లు, ఎఫ్ 1.8. వంటింటి త్రాసు మీద పెట్టి చూస్తే బెల్టుతో కలిపి ముప్పావు కిలో ఉంది. ఫోన్ 200 గ్రాముల లోపే.

రాత్రి కూర్చుని చిన్న లెక్క వేశాను. ఫోన్ సెన్సర్, అంటే వెలుగును పట్టే చిప్పు, సుమారు 8 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల ఎత్తు. చిటికెన వేలి గోరంత. నికాన్‌లోది 23.5కి 15.6 మిల్లీమీటర్లు, తపాలా బిళ్లంత. వైశాల్యంలో ఏడు రెట్లకు పైనే. లెన్సుల మీద రెండింటికీ ఎఫ్ 1.8 అనే ఉంటుంది కాబట్టి రెండూ ఒకటే అనుకునేదాన్ని. కానీ ఆ సంఖ్య ఫోకల్ లెంగ్తును లెన్సు ద్వారంతో భాగిస్తే వచ్చేది. 35ను 1.8తో భాగిస్తే ద్వారం 19 మిల్లీమీటర్ల పైన, ఇంచుమించు రూపాయి బిళ్లంత. ఫోన్ లెన్సు అసలు ఫోకల్ లెంగ్తు 6 మిల్లీమీటర్లు కూడా లేదు. దాని ద్వారం 3 మిల్లీమీటర్ల చిల్లర, పెసరగింజ కన్నా చిన్నది. అంత చిన్న కన్నంలోంచి వచ్చే వెలుగుతో ఫోన్ ఇంత పని చేస్తోందంటే ఆశ్చర్యంగానే ఉంది.

2వ రోజు, గురువారం

మొదటి పోటీ వంటింట్లో. అమ్మ రాగి సంగటి కెలుకుతోంది, పక్కన చెనిక్కాయల ఊరిబిండి. కెమెరా తెచ్చి గుమ్మంలో నిలబడ్డాను. అమ్మ మొహం పడితే గిన్నె పడదు, గిన్నె పడితే మొహం పడదు. రెండు మీటర్ల దూరం నుంచి ఈ 35 లెన్సులో పట్టేది 1.3 మీటర్ల వెడల్పు మాత్రమే. వెనక్కి జరుగుదామంటే ఫ్రిజ్జు. ఫోన్‌లో అదే దూరం నుంచి దాదాపు 3 మీటర్లు పడింది: అమ్మ, పొయ్యి, కిటికీ, కిటికీలో కరివేపాకు కుండీ, కింద కూర్చుని రాగి పిండితో ఆడుకుంటున్న పాప.

వంటింట్లో ఫోన్‌దే గెలుపు, అందులో సందేహమే లేదు. కెమెరాతో దక్కినవి అమ్మ చేతులు, తెడ్డు, ఆవిరి. అవీ బాగున్నాయి, కానీ అమ్మ వంట చేస్తున్న ఇల్లు వాటిలో లేదు.

4వ రోజు, శనివారం

తెల్లవారుజామున ఐదున్నరకు కె.ఆర్. మార్కెట్. కార్తీకం కదా, పూలకు మంచి గిరాకీ. బంతి మూటలు, సేవంతి గుట్టలు, వాటి మధ్యలోంచి "సైడు సైడు" అంటూ తలల మీద గంపలతో కూలీలు. పైన చీకటి, కింద బల్బుల వెలుగు.

ఇంటికొచ్చి రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఫోన్ ఫోటోలో నీడలన్నీ విచ్చుకున్నాయి, ఆకాశం ముదురు నీలంగా మారింది, మూటల వెనక గోడ మీద అక్షరాలు కూడా చదవొచ్చు. అమ్మ ఒకటే మాట అంది: "ఇంత ఎలుగు ఆడ యాడుండె? మనం పోయినప్పుడు చీకటి కదా."

ఇలా ఎందుకవుతుందో తెలిసిందే. మనం ఒక్కసారి నొక్కితే ఫోన్ చాలా ఫ్రేములు వరుసగా తీస్తుంది. వాటిని ఒకదాని మీద ఒకటి సరిపెట్టి, గింజలు (చీకటి ఫోటోల్లో కనిపించే ఇసుకలాంటి చుక్కలు) తగ్గించి, చీకట్లను లేపి ఒకటి చేస్తుంది. గూగుల్ వాళ్లు హెచ్‌డీఆర్ ప్లస్ పేరుతో ఈ పద్ధతిని 2013లోనే నెక్సస్ 5 ఫోన్లో పెట్టారు, 2018లో పిక్సెల్ 3 ఫోన్తోపాటు చీకట్లో తీయడానికి నైట్ సైట్ వచ్చింది. ఇప్పుడు దాదాపు అన్ని ఫోన్లూ ఇలాంటి పనే చేస్తున్నాయి. చిన్న సెన్సర్ లోటును ఇలా పూడ్చుకోవడం గొప్ప ఇంజనీరింగ్, మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కానీ ఐదున్నర గంటల మార్కెట్ ఏడున్నర గంటల మార్కెట్ అయిపోయింది. నాకు కావలసింది ఆ ఐదున్నరే.

బంతిపూల దగ్గర మాత్రం రెండూ తప్పాయి. నారింజ రంగు మరీ చిక్కగా ఉంటే సెన్సర్‌లో ఎరుపు ముందే నిండిపోతుంది, రేకుల మధ్య గీతలు పోయి రంగు ముద్దలా మిగులుతుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాపు తగ్గించి, అంటే వెలుగును సగం చేసి, మళ్లీ తీశాను. అప్పుడు రెండింటిలోనూ రేకులు విడివిడిగా వచ్చాయి. ఇది రాసిపెట్టుకోవాలి: ఎరుపు, నారింజ పూలకు ఒక స్టాపు తక్కువ.

మనుషుల సంగతి వేరు. కెమెరా పైకెత్తగానే ఒకాయన నవ్వి "యావ పేపర్ మేడం?" (ఏ పేపర్ అని) అన్నాడు, జుట్టు సర్దుకుని గంప పక్కన నిటారుగా నిలబడ్డాడు. ఫోన్ పట్టుకుంటే ఎవరూ పట్టించుకోరనుకున్నాను. అదీ నిజం కాదు. మల్లెలు అమ్మే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి తెలుగులోనే అడిగింది: "రీల్సులో వేస్తావామ్మా?" వెయ్యను, మా అమ్మ ఆల్బమ్‌కు అన్నాను. అప్పుడు తీయనిచ్చింది. ఇకనుంచి దేనితో తీసినా ముందు అడిగే తీస్తాను.

9వ రోజు, గురువారం

ఈ రోజు ఎంట్రీ రాయడానికి కాస్త ఇబ్బందిగా ఉంది, కానీ ఈ పనంతటిలో నాకు ముఖ్యమైనది ఇదే.

సాయంత్రం నాలుగింటికి అమ్మ బాల్కనీలో చెనిక్కాయలు ఒలుస్తోంది. పక్కనుంచి మెత్తటి వెలుగు. మొదట ఫోన్‌తో రెండడుగుల దూరం నుంచి మామూలు మోడ్‌లో తీశాను. ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోయాయి. ఇది ఫోన్ తప్పు కాదు, దూరం తప్పు. ఏ కెమెరాతోనైనా మొహానికి అంత దగ్గరగా వెళితే అలాగే వస్తుంది. వెడల్పు లెన్సు ఉండటంతో మనకు తెలియకుండానే దగ్గరికి వెళ్లిపోతాం. ఐదడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ పెట్టి తీస్తే మొహం సరిగ్గా వచ్చింది.

తర్వాత పోర్ట్రెయిట్ మోడ్. వెనక ఉన్నదంతా మసకబారింది, చూడగానే బాగుందనిపించింది. పెద్దది చేసి చూస్తే అమ్మ తలమీద లేచిన తెల్ల వెంట్రుకలు సగంలో తెగిపోయాయి, కళ్లద్దాల కాడ చెవి దగ్గర మాయమైంది. ఎక్కడిదాకా మనిషి, ఎక్కడినుంచి వెనక గోడ అన్నది సాఫ్ట్‌వేర్ ఊహించి గీసిన గీత అది.

అసలు బాధ రంగు దగ్గర. అమ్మది నలుపు. నలభై ఏళ్లు చేనికాడ ఎండలో పనిచేసిన నలుపు. ఫోన్‌లో ఆమె చామనఛాయ కన్నా తేలికగా పడింది. నుదుటి గీతలు సగం లేవు. బుగ్గ మీద మచ్చ పలచబడింది. అమ్మ ఫోన్ దగ్గరికి తీసుకుని, దూరం పెట్టి, మళ్లీ దగ్గరికి తీసుకుని చూసింది. "ఇది నా మొగమేనా? నేనెప్పుడు ఇంత తెల్లగుంటి?" అప్పుడే వచ్చిన పక్కింటి పిన్నిగారు మాత్రం "బలే తెల్లగా పడినారక్కా, ఇదే పెట్టండి" అన్నారు. అమ్మ నవ్వలేదు. "మా యమ్మ కూడా ఇదే రంగు. తెల్లగజేస్తే నేను మా యమ్మ మాదిరి యాడుంటా?" అంది.

ఈ సమస్య ఫోన్లతో మొదలవ్వలేదు. ఫిల్మ్ రోజుల్లో ల్యాబులు రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ పంపిన కార్డుల మీద తెల్లజాతి స్త్రీ బొమ్మ ఉండేది. షిర్లీ కార్డులు అనేవారు వాటిని. ఆమె చర్మం సరిగ్గా వస్తే అందరిదీ సరిగ్గా వచ్చినట్టే లెక్క. ముదురు రంగు చర్మాన్ని ఉన్నది ఉన్నట్టు చూపడానికని గూగుల్ తన ఫోన్లలో రియల్ టోన్ అని పేరుపెట్టి మార్పులు చేసింది 2021లో. డిజిటల్ కెమెరాలు వచ్చిన ఎన్నో ఏళ్లకు.

రాత్రి సెట్టింగులు ఒక్కొక్కటీ తెరిచి చూశాను. పోర్ట్రెయిట్ మోడ్‌లో బ్యూటీ అనే గీత సగంలో ఉంది. నేనెప్పుడూ పెట్టలేదు, మొదటినుంచీ అలాగే ఉన్నట్టుంది. సున్నా చేశాను. మామూలు మోడ్‌లో మొహం మీద వేలుపెట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం కిందికి లాగితే చీకట్లు చీకట్లుగానే ఉంటున్నాయి. రేపు ఇదే చోట మళ్లీ తీయాలి.

10వ రోజు

తీశాను. బ్యూటీ సున్నా, 2ఎక్స్, ఎక్స్‌పోజర్ కాస్త తక్కువ. ఈసారి అమ్మ అమ్మలాగే వచ్చింది. కెమెరా ఫోటో పక్కన పెడితే తేడా ఇంకా ఉంది, కానీ నిన్నటి తేడాలో సగానికి పైగా ఆటో సెట్టింగులదేనని ఒప్పుకోవాలి. ఇన్నాళ్లూ ఫోన్ మీద వేసిన నింద అంతా ఫోన్‌ది కాదు.

15వ రోజు, బుధవారం. కార్తీక పౌర్ణమి

అమ్మ పొద్దుటినుంచి ఉపవాసం. సాయంత్రం బాల్కనీలో తులసి కుండీ ముందు ముగ్గు వేసి, ఉసిరికాయ దీపాలు పెట్టి, 365 వత్తుల కట్టను నేతిలో నానబెట్టి వెలిగించింది. నేను బాల్కనీ లైటు, హాల్లో ట్యూబ్‌లైటు రెండూ ఆపేయమన్నాను. వెలుగు మొత్తం ఆ మంటల్లోంచే వస్తోంది.

ఫోన్ దానంతట అదే నైట్ మోడ్‌లోకి వెళ్లింది. మూడు సెకన్లు కదలకుండా పట్టుకోమంది. నేను పట్టుకోగలను. హారతి తిప్పుతున్న అమ్మ చెయ్యి ఆగదు కదా, మంటా ఆగదు. చెయ్యి పొగలాగా వచ్చింది. మంట ఆకారం పోయి తెల్లటి ముద్ద మిగిలింది. అన్నిటికన్నా వింత, వెనక గోడ మీద పెచ్చులూడిన రంగు స్పష్టంగా కనిపిస్తోంది, దీపాల పసుపు పోయి ట్యూబ్‌లైటు కింద పూజ చేసినట్టుంది. నైట్ మోడ్ ఆపి, వెలుగు తగ్గించి తీశాను. ఫోన్ తెర మీద చాలా బాగుంది. కంప్యూటర్‌లో తెరిస్తే చీర అంచు, వేళ్లు, అన్నీ తడిగుడ్డతో తుడిచినట్టు కలిసిపోయాయి.

కెమెరాతో ఎఫ్ 1.8, 1/60 సెకను, ఐఎస్ఓ (తక్కువ వెలుగును పెంచి చూపే సెట్టింగు) 6400. మొదటి కొన్ని ఫ్రేముల్లో ఫోకస్ మంట మీదికి పోయింది, అమ్మ కళ్లు మసక. ఫోకస్ గుర్తును ఆమె కంటి దగ్గరికి జరిపి, ఊపిరి బిగపట్టి తీస్తూ పోయాను. మొత్తం 14 తీస్తే పనికొచ్చేవి 3. కష్టపడి తీసిన మాట నిజం. కానీ ఆ మూడింటిలో ఒకటి ఉంది చూడండి, కిందినుంచి వచ్చే వెలుగు గడ్డం మీద, ముక్కుపుడక మీద పడి, నుదుటిదాకా వెళ్లేసరికి చీకట్లో కలిసిపోతోంది. గోడ లేదు. తులసాకులు నాలుగు మాత్రం ఉన్నాయి. ఆ సాయంత్రం అక్కడ నాకు కనిపించింది సరిగ్గా అంతే.

రా ఫైలును (కెమెరా మార్పులు చేయకుండా దాచిన ఫోటోను) డార్క్‌టేబుల్‌లో తెరిచాను. ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం, నేర్చుకోవడానికి కొన్ని ఆదివారాలు పడుతుంది. నూనె దీపం వెలుగు సుమారు 1900 కెల్విన్లు. వైట్ బ్యాలెన్స్ (ఏ వెలుగును తెలుపుగా లెక్కించాలో చెప్పే సెట్టింగు) అక్కడే పెడితే తెలుపు తెల్లగా వచ్చి దీపం చచ్చిపోతుంది. పగటి వెలుగుకు పెడితే మొహం కాషాయం అయిపోతుంది. 2800 దగ్గర ఆపాను. గింజలు ఉన్నాయి, ఉండనిచ్చాను. వాటిని తుడిస్తే చర్మం కూడా పోతోంది.

ఈ ఒక్క రాత్రి చాలు కెమెరా అమ్మకుండా ఉండటానికి అని మా ఆయనతో అన్నాను. "ఏడాదికి ఒక పౌర్ణమికా?" అన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఇంకా చూడాలి.

19వ రోజు, ఆదివారం

లాల్‌బాగ్. పాప రాతి గుట్ట అంచున గెంతుతూనే ఉంది. మంచి ఎండలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా గెంతే క్షణం ఫోన్‌కే ఎక్కువసార్లు దొరికింది, ఎందుకంటే కెమెరా యాప్ తెరిచి ఉన్నంతసేపూ అది ఫ్రేములు పోగేసుకుంటూనే ఉంటుంది, మనం నొక్కిన క్షణానిది తీసి ఇస్తుంది. కెమెరాతో 1/1000 పెట్టుకుని నేను ముందే ఊహించి నొక్కాలి. చెట్టు మీద పిట్టలకు నా 35 లెన్సూ పనికిరాలేదు, ఫోన్ జూమూ పనికిరాలేదు. ముప్పావు కిలో మెడకు వేలాడదీసుకుని రెండు గంటలు నడిచాక మెడ లాగేసింది.

26, 27 రోజులు: కడలెకాయి పరిషె

కార్తీకంలో చివరి సోమవారం బసవనగుడిలో దొడ్డ బసవన్న గుడి ముందు వేరుశనగ కాయల తిరునాళ్ల. పంటను తినిపోతున్న ఎద్దుకు రైతులు తొలిపంట మొక్కుకున్నారని ఇక్కడి కథ. అమ్మ ఈ నెలంతా ఎదురుచూసింది దీనికోసమే. చెనిక్కాయల ఊరినుంచి వచ్చిన మనిషి కదా. కదిరిలోని పరిశోధన కేంద్రం విడుదల చేసిన కదిరి 6 రకాన్ని మా నాన్న మా చేల్లో చాలాసార్లు వేశారు.

ఆదివారం సాయంత్రమే వెళ్లాం. బుల్ టెంపుల్ రోడ్డు పొడుగునా రెండు వైపులా గుట్టలు. అమ్మ ఏ గుట్ట దగ్గరా ఊరికే ఆగదు. కాయ తీసుకుని చెవి దగ్గర ఊపుతుంది, బొటనవేలితో చిట్లిస్తుంది, గింజ పొట్టు రంగు చూస్తుంది, నోట్లో వేసుకుంటుంది. "ఇది సరిగ్గా ఎండలే", "ఇది బాగుంది గానీ మన్ను కడగలే." ఒక గుట్ట దగ్గర కాయలమ్మే ఆవిడ కోలారు వైపు నుంచి వచ్చింది, తెలుగే. ఇద్దరూ వానల గురించి, కూలీల గురించి మొదలుపెట్టి అరగంట కదల్లేదు.

అక్కడ టెక్నికల్‌గా ఒక చిక్కు వచ్చింది. కొట్లకు కట్టిన చవక ఎల్‌ఈడీ బల్బులు మన 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు. కెమెరాలో 1/250 పెట్టి తీస్తే ఒక ఫ్రేము వెలుగ్గా, తర్వాతది చీకటిగా వచ్చింది. ఫోన్‌లో కొన్నింటిలో అడ్డంగా నల్ల చారలు. 1/100కు దిగితే రెండింటిలోనూ సర్దుకుంది. ఒక్కో ఫ్రేములో మినుకు ఒకసారి పూర్తవుతుంది కాబట్టి. తిరునాళ్లలో, పెళ్లి పందిళ్లలో తీసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే చాలా ఫోటోలు దక్కుతాయి.

అమ్మ, కోలారు ఆవిడ మాట్లాడుకుంటుంటే కెమెరా ఎత్తాను. ఆవిడ వెంటనే మాట ఆపి కొంగు సర్దుకుంది. దించాను. కాసేపటికి మళ్లీ కబుర్లలో పడ్డారు. ఈసారి ఆవిడను అడిగి ఫోన్‌తో తీశాను, "తీసుకోమ్మా" అంటూనే మాటల్లో పడిపోయింది. ఇద్దరి చేతులూ గాల్లో, మధ్యలో కాయల గుట్ట, వెనక జనం. ఆల్బమ్‌లో ఇది ఖాయం. దీనికి కెమెరా జత లేదు.

సోమవారం పొద్దున ఇంకా జనం రాకముందే మళ్లీ వెళ్లాం. మెడలో కెమెరా, ఫోన్ సంచి అడుగున. అమ్మ ఒక కాయ చిట్లించింది, అందులో మూడు గింజలు. అరచేతిలో పెట్టి నాకు చూపించి నవ్వింది. ఎఫ్ 2.2లో తీశాను. అరచేతి గీతల్లో ఎర్రమన్ను, మూడు గింజల గులాబీ పొట్టు, వాటి వెనక అమ్మ నవ్వు, ఆ వెనక ఇంకా ఆర్పని బల్బులు పెద్ద పెద్ద గుండ్రాలుగా కరిగిపోయాయి. ఏ వెంట్రుకా తెగలేదు, ఏ అంచూ చెదరలేదు. రూపాయి బిళ్లంత ద్వారం చేసే పని ఇది, ఏ లెక్కా ఊహా అక్కర్లేదు. దీనికి ఫోన్ జత లేదు.

నేను పెట్టుకున్న నియమం ప్రకారం ఈ రెండూ పోటీకి పనికిరావు. నెల మొత్తంలో నాకు బాగా నచ్చినవి మాత్రం ఇవే.

33వ రోజు, ఆదివారం

మొదటి విడత ప్రింట్లు వచ్చాయి. సగం పాడయ్యాయి, కారణాలు రెండు.

ఒకటి, ఫోన్ ఫోటో 4:3 ఆకారం. 4×6 కాగితం 3:2. స్టూడియోలో మెషిన్ కాగితం నిండేలా ఫోటోను పెంచి పైనా కిందా కోసేసింది. ఎత్తులో తొమ్మిదో వంతు పోయింది. వంటింటి ఫోటోలో అమ్మ తల పైభాగం లేదు. కెమెరావి 3:2లోనే ఉంటాయి కాబట్టి వాటికేమీ కాలేదు. ముందే నేను 3:2కు కోసుకుని ఇవ్వాల్సింది. లేదా తెల్ల అంచు వదలమని చెప్పాల్సింది.

రెండోది పూర్తిగా నా పొరపాటు. కొన్ని ఫోటోలు స్టూడియో నంబర్‌కు మెసేజ్‌లో మామూలు ఫోటోలుగా పంపాను. తెరిచి చూస్తే పొడుగు వైపు 1600 పిక్సెళ్లే మిగిలాయి. 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, 4×6కే 1800 కావాలి. 8×12కి 3600. ఫోన్ అసలు ఫైలులో 4000 పైనే ఉన్నాయి, నేనే చేతులారా కుదించి పంపాను. ఇకమీదట డాక్యుమెంట్‌గా పంపడం, లేదా పెన్‌డ్రైవ్ పట్టుకుని వెళ్లడం.

40వ రోజు, ఆదివారం

పరీక్ష. మొత్తం 31 జతలు, వెనక పెన్సిల్‌తో నంబర్లు. చాప మీద పరిచి ఏది కావాలో ఏరుకోమన్నాను. మొదట 4×6 సైజువి. అమ్మ ఫోన్‌వి 16 ఏరింది, కెమెరావి 11. నాలుగింటికి "రెండూ ఒకటే, నీ ఇష్టం" అంది. మా ఆయన కాగితం మీద లెక్క రాసుకుంటూ నావైపు చూశారు.

ఎందుకు ఏరావని ఒక్కొక్కటీ అడిగాను. ఫోన్ ఫోటోల్లో ఆమె చూసింది ఎవరెవరున్నారు, ఏమేం కనిపిస్తున్నాయి అన్నది. కిటికీ, కరివేపాకు కుండీ, పాప చేతి పిండి. కెమెరావి ఏరినప్పుడు ఎక్కువసార్లు చెప్పింది, "ఇది నేనే." 9వ రోజు తీసిన తెల్ల మొహాన్ని కావాలనే కలిపి పెట్టాను. పట్టుకుని పక్కన బోర్లా పెట్టేసింది.

తర్వాత 8×12 జతలు ఆరు. ఇక్కడ లెక్క తిరగబడింది, ఆరింటిలో ఐదు కెమెరావి. చేతిలో పట్టుకునే సైజులో కనబడని తేడా ఇక్కడ కనబడింది: ఫోన్‌లో వెంట్రుకల అంచులు, చీర నేత కాస్త గీసినట్టు గరుకుగా ఉన్నాయి, నీడల్లో వివరం తుడిచేసినట్టుంది. కెమెరా ఫోటోలో గింజలున్నా చర్మం చర్మంలా ఉంది. ఆరోది పగటి వెలుగులో లాల్‌బాగ్, దానికి ఫోన్‌దే తీసుకుంది.

ఆల్బమ్ తుది లెక్క: ఫోన్‌వి 24, కెమెరావి 16. కెమెరా అమ్మడం లేదు. బీరువాలోంచి తీసి తలుపు పక్క అరలో పెట్టాను, బ్యాటరీ చార్జి చేసి, మూత తీసే పని లేకుండా లెన్సుకు హుడ్ తగిలించి. బీరువాలో ఉన్నంతకాలం నేను దాన్ని ఏడాదికి ఒక పౌర్ణమికే తీస్తాను, ఆయన అన్నది నిజమవుతుంది. సంజె వెలుగు, దీపాలు, అమ్మ మొహం అయితే దాన్ని తీస్తాను. వంటిల్లు, వీధి, పాప గెంతులు, ఇద్దరు మాట్లాడుకోవడం అయితే ఫోన్. ఫోన్‌లో బ్యూటీ సున్నాలోనే ఉంటుంది.

46వ రోజు, శనివారం

అమ్మ కదిరి బస్సెక్కింది. ఆల్బమ్‌ను సంచిలో పెట్టనివ్వలేదు, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బస్సు కదిలేముందు కిటికీలోంచి అడిగింది: "ఆ మూడు గింజల కాయ ఫోటో, దాన్ని పెద్దది చేయించు. మీ నాయన పక్కన పెడతా." నాన్న ఫోటో కదిరిలో స్టూడియోలో తీయించుకున్న బ్లాక్ అండ్ వైట్, పెద్ద ఫ్రేము. సైజు ఎంతో నాకు గుర్తులేదు.

48వ రోజు, సోమవారం

అమ్మ ఫ్రేము లోపలి కొలతను దారంతో కొలిచి, ఆ దారాన్ని టేపు మీద పెట్టి, పక్కింటి పిల్లాడి చేత ఫోన్‌లో ఫోటో తీయించి పంపింది. నిలువు 18 అంగుళాలు. ఇంకో దారం, అడ్డం 12. రెండూ కలిపితే సరిగ్గా 3:2, ఎక్కడా కోయనక్కర్లేదు. నా ఫైలు 6000కి 4000. 6000ను 18తో భాగిస్తే అంగుళానికి 333, కావలసిన 300 కన్నా ఎక్కువే. ఫోటోను నిలువుగా తీశాను కాబట్టి నాన్న ఫోటో పక్కన సరిపోతుంది. సాయంత్రం పెన్‌డ్రైవ్ తీసుకుని గాంధీ బజార్‌కు వెళ్తున్నాను.